ఇరవై కిలోమీటర్ల పొడవు, ఎనిమిది మీటర్ల వెడల్పు: నార్డ్‌ష్లైఫె ఆన్‌లైన్ రేసుకి పనికొస్తుందా?

సిమ్ రేసింగ్, అంటే అసలు ట్రాక్‌లని కంప్యూటర్‌లోకి దింపి ఆడే కార్ రేసులు, చేసేవాళ్ళ దగ్గర నార్డ్‌ష్లైఫె పేరెత్తితే ఒకే నోటి నుంచి రెండు మాటలొస్తాయి. ఒంటరిగా తిరగడానికి అంతకన్నా గొప్ప ట్రాక్ ప్రపంచంలో లేదంటారు, అదే ఇరవై మందితో ఆన్‌లైన్ రేస్ అనగానే "మొదటి ల్యాప్ బయటపడితే చాలు" అంటారు. రెండూ నిజమే. గొడవంతా ఎక్కడొస్తుందంటే ఈ ట్రాక్‌కి ఉన్న రెండు గుణాల్ని, అంటే పొడవుని, ఇరుకుని కలిపి ఒకే సమస్యలాగా చూడటం దగ్గరొస్తుంది. విడదీసి చూస్తే లెక్క తేలిపోతుంది: పొడవు వల్ల వచ్చే ఇబ్బందులన్నీ రేస్ ఫార్మాట్ మార్చుకుంటే పోయేవే, ఇరుకు వల్ల వచ్చేవి మాత్రం డ్రైవ్ చేసేవాళ్ళు మారితే తప్ప పోవు.

ముందు ట్రాక్ సంగతి. జర్మనీలో ఐఫెల్ కొండల మధ్య, నూర్బర్గ్‌రింగ్ అనే సర్క్యూట్‌లో భాగంగా 1927లో తెరిచారు దీన్ని. ఇప్పుడున్న పొడవు 20.832 కిలోమీటర్లు, కింది చోటికీ పై చోటికీ ఎత్తు తేడా దాదాపు 300 మీటర్లు, లెక్కలో చెప్పే మలుపులు 73, రోడ్డు వెడల్పు చాలా చోట్ల ఎనిమిది తొమ్మిది మీటర్లే. ఇవాళ ఎవరైనా కొత్త సర్క్యూట్ కట్టాలంటే ప్రపంచ కార్ రేసుల్ని నియంత్రించే ఎఫ్ఐఏ నిబంధనలు ఏం చెప్తాయంటే వెడల్పు కనీసం 12 మీటర్లు ఉండాలి, స్టార్ట్ గ్రిడ్ (కార్లు వరసల్లో నిలబడి బయల్దేరే చోటు) దగ్గర 15 ఉండాలి, పొడవు 7 కిలోమీటర్లు మించకూడదు. ఈ లెక్కన నార్డ్‌ష్లైఫె రెండు వైపులా నిబంధనలకి ఆమడ దూరంలో ఉంది. 1976లో బెర్గ్‌వెర్క్ మలుపు దగ్గర ఫార్ములా వన్ డ్రైవర్ నికీ లౌడా కారు తగలబడింది, ఆ తర్వాత ఫార్ములా వన్ మళ్ళీ ఈ ట్రాక్ మీదకి రాలేదు. ఇరవై కిలోమీటర్ల పొడవునా అంబులెన్సులు, ఫైర్ సిబ్బంది, మార్షల్స్‌ని కాపలా పెట్టడం ఎంత కష్టమో ఊహించుకోవచ్చు. సిమ్‌లో ఆ ఖర్చు లేదు, ఆ ప్రాణభయం లేదు. ఫార్ములా వన్ పక్కన పెట్టిన ఇలాంటి ట్రాక్‌లకి సిమ్మే అసలైన ఇల్లు అనిపించడం సహజం. 2015 జనవరిలో అసెట్టో కోర్సా అనే సిమ్‌లోకి, అదే ఏడాది డిసెంబర్‌లో ఐరేసింగ్ అనే ఇంకో సిమ్‌లోకి లేజర్ స్కాన్ చేసిన, అంటే అసలు రోడ్డుని లేజర్‌తో కొలిచి దింపిన నార్డ్‌ష్లైఫె వచ్చింది, 2024 ఏప్రిల్‌లో అసెట్టో కోర్సా కాంపిటీజియోనెకి కూడా వచ్చింది. ఎప్పుడొచ్చినా జనం ఎగబడ్డారు. అంటే ఇష్టం లేక కాదు, ఇష్టం ఉండి కూడా రేస్ అనేసరికి వెనకాడుతున్నారు, ఎందుకనేదే చూడాలి.

చాలామంది వేసుకునే మొదటి అంచనా ఏంటంటే ట్రాక్ అంత పొడుగుంది కదా, కార్లు దూరం దూరంగా సర్దుకుంటాయి, గుద్దుకోవడం తగ్గుతుంది అని. కాగితం మీద కరెక్టే, ఇరవై కార్లని ఇరవై కిలోమీటర్లలో సమానంగా పరిస్తే కిలోమీటరుకి ఒక్క కారే వస్తుంది, అదే బెల్జియంలోని స్పా లాంటి 7 కిలోమీటర్ల ట్రాక్ మీద అయితే 350 మీటర్లకి ఒకటి. కానీ రేస్ అలా మొదలవ్వదు కదా, ఇరవై మందీ ఒకే చోట, ఒకే నిమిషంలో బయల్దేరతారు. సిమ్‌లో నార్డ్‌ష్లైఫె ఒక్కటే పెట్టుకుంటే స్టార్ట్ తర్వాత కాసేపటికే హాట్జెన్‌బాఖ్ వచ్చేస్తుంది, అక్కడ ఎడమా కుడీ ఎడమా కుడీ అంటూ మలుపు మీద మలుపు, పక్కనే గడ్డి, గడ్డి దాటగానే గార్డ్ రెయిల్. ముందు కారు కాస్త ముందుగా బ్రేక్ వేస్తుంది, రెండోది ఇంకాస్త గట్టిగా వేస్తుంది, అలా వెనక్కి పాకుతూ పాకుతూ పదిహేనో కారు దగ్గరికొచ్చేసరికి అతను దాదాపు ఆగిపోవాల్సొస్తుంది, పదహారో అతను ఆ సంగతి చూసుకునేలోపే వెళ్ళి గుద్దేస్తాడు. దీనికి ఎవరూ తప్పు చెయ్యక్కర్లేదు, అందరూ మామూలుగా నడిపినా జరుగుతుంది. వెడల్పున్న ట్రాక్ మీద ఆ పదహారో అతను పక్కకి తప్పుకుని తారు వేసిన రన్‌ఆఫ్ అనే ఖాళీ జాగాలోకి వెళ్ళి మళ్ళీ వచ్చేస్తాడు, ఇక్కడ ఆ పక్కనేదే లేదు. కాబట్టి ట్రాక్ ఎంత పొడుగైనా మొదటి రెండు మూడు కిలోమీటర్లలో కార్ల రద్దీ చిన్న ట్రాక్ మీదకన్నా ఏమీ తగ్గదు, పైగా రోడ్డు సన్నం.

ఇక నెట్ సంగతి. ఆన్‌లైన్ రేసులో పక్క కారు నిజంగా ఎక్కడుందో మన కంప్యూటర్‌కి క్షణక్షణం తెలీదు, చివరగా అందిన సమాచారం బట్టి ఈపాటికి ఇక్కడుండొచ్చు అని అంచనా వేసి అక్కడ బొమ్మ గీస్తుంది. గంటకి 200 కిలోమీటర్ల స్పీడంటే సెకనుకి 55 మీటర్లు, అంటే పదో వంతు సెకను ఆలస్యమైతే ఐదున్నర మీటర్లు, ఒక జీటీ3 కారు (స్పోర్ట్స్ కార్ల నుంచి తయారుచేసే రేస్ కార్ల తరగతి) పొడవు కన్నా ఎక్కువ. స్ట్రెయిట్ మీద ఆ అంచనా బాగానే కుదురుతుంది, ఎందుకంటే కారు అదే దిక్కులో అదే స్పీడుతో పోతుంటుంది. తేడా కొట్టేదెప్పుడంటే బ్రేక్ పడినప్పుడు, దిక్కు మారినప్పుడు. నార్డ్‌ష్లైఫె అంటేనే దిక్కు మారడం. దీనికి వెడల్పు లెక్క కూడా కలపండి, జీటీ3 కారు వెడల్పు అటూ ఇటూగా 2 మీటర్లు, రెండు కార్లు పక్కపక్కన పోతే 4 మీటర్లు నిండిపోయాయి. 12 మీటర్ల రోడ్డు మీద ఇంకా 8 మీటర్లు ఖాళీ ఉంటుంది, 8 మీటర్ల రోడ్డు మీద మిగిలేది 4, అది కూడా ఎడమ పక్క కాస్త, కుడి పక్క కాస్త, మధ్యలో కాస్త, అంటే ఒక్కో చోట మీటరుంపావు కన్నా కాస్త ఎక్కువ చొప్పున. నెట్ అంచనా ఆ మాత్రం అటూ ఇటూ అయితే ఒకరి స్క్రీన్ మీద ఇద్దరూ హాయిగా పక్కపక్కన వెళ్తుంటారు, ఇంకొకరి స్క్రీన్ మీద అప్పటికే తగులుకుని తిరిగిపోయి ఉంటారు. తర్వాత ఇద్దరూ రీప్లేలు పెట్టుకుని నువ్వే తగిలావంటే నువ్వే తగిలావని వాదించుకుంటారు, పాపం ఇద్దరి రీప్లేలోనూ వాళ్ళు చెప్పిందే కనిపిస్తుంది.

ఒక్క చోటు దగ్గరగా చూస్తే ఇరుకంటే ఏంటో పూర్తిగా అర్థమవుతుంది. ఫుక్స్‌రోరె అని కొండ దిగే చోటుంది, అక్కడ 200 దాటిన స్పీడుతో కిందికి జారి, అడుగున కారు మొత్తం సస్పెన్షన్ మీద కూలబడి, వెంటనే ఎదురుగా ఎక్కుడు మొదలవుతుంది, ఆ ఎక్కుడు పైన ఉంటుంది అడెనావర్ ఫోర్స్ట్, ఎడమా కుడీ తిరిగే చిన్న మెలిక, పైకెక్కేదాకా అది కనపడదు. కొత్తవాళ్ళు అక్కడ బ్రేక్ లేటు చేసి గడ్డిలోకి పోవడం మామూలే. ఇప్పుడు ఒక కారు అక్కడ స్పిన్ అయి రోడ్డుకి అడ్డంగా ఆగిందనుకోండి. కారు పొడవు నాలుగున్నర మీటర్లు, రోడ్డు ఎనిమిది తొమ్మిది, మిగిలిన సందు మూడున్నర నాలుగున్నర మీటర్లే, అదీ ఏ వైపు మిగిలిందో పైకెక్కాక గానీ తెలీదు. వెనక వచ్చే వాళ్ళకి స్క్రీన్ మీద ముందు ప్రమాదం ఉందని చెప్పే పసుపు జెండా వెలుగుతుంది కానీ అప్పటికి వాళ్ళు ఫుక్స్‌రోరె అడుగున ఉంటారు, అక్కడ గట్టిగా బ్రేక్ వేస్తే తమ కారే అదుపు తప్పుతుంది. ఇలాంటప్పుడు స్పిన్ అయినతను చెయ్యాల్సిన మంచి పని ఒక్కటే, బ్రేక్ తొక్కి పట్టుకుని కదలకుండా ఉండటం. ఆగిన కారుని తప్పించుకోవచ్చు, మెల్లగా వెనక్కి దొర్లే కారు ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు. కానీ పోయిన సెకన్ల కోసం కంగారుపడి అడ్డంగా తిప్పి మళ్ళీ లైన్‌లోకి వచ్చేసేవాళ్ళే ఎక్కువ, ఒక్కడి స్పిన్ ఐదుగురి రేసుని తినేయడం అక్కడే జరుగుతుంది.

పొడవు వల్ల వచ్చే ఇబ్బందులు వేరే రకం, అవి గుద్దుళ్ళ గురించి కాదు, టైమ్ గురించి. జీటీ3 కారులో ఒక ల్యాప్ దాదాపు ఆరున్నర నిమిషాలు. 20 నిమిషాల రేస్ అంటే మూడంటే మూడు ల్యాప్‌లు, అదే ఇటలీలోని మోంజా ట్రాక్ మీద అయితే పదకొండు. మూడు ల్యాప్‌ల రేసులో మొదటి ల్యాప్ పాడైతే మూడో వంతు రేస్ పోయినట్టే, కోలుకునే వ్యవధే ఉండదు. గ్రిడ్‌లో ఎవరు ఎక్కడ నిలబడాలో తేల్చే క్వాలిఫైయింగ్ ఇంకా కష్టం, పిట్ నుంచి బయటికొచ్చే ల్యాప్ ఒకటి, టైమ్ లెక్కించే ల్యాప్ ఒకటి, అక్కడికే పదమూడు నిమిషాలు దాటింది, పన్నెండో నిమిషంలో చక్రం గడ్డి మీద పడితే ఆ శ్రమంతా బూడిదలో పోసిన పన్నీరే. హాట్జెన్‌బాఖ్‌లో టైర్ పంక్చర్ అయితే దాదాపు ల్యాప్ మొత్తం కుంటుకుంటూ రావాలి. ఐరేసింగ్‌లో కారు నడవలేని స్థితిలో ఉంటే టో చేయించుకోవచ్చు, అంటే పిట్‌కి లాగించుకోవచ్చు, కానీ టో టైమ్ పిట్‌కి ఉన్న దూరాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి ట్రాక్‌కి అవతలి కొసలో ఆగితే నిమిషాల తరబడి అలా చూస్తూ కూర్చోవాల్సిందే. జనం మధ్యలోనే సర్వర్ వదిలేసి వెళ్ళిపోతారంటే ఆశ్చర్యమేముంది.

నేర్చుకోవడం సంగతి కూడా ఇందులోకే వస్తుంది. ఒకటిన్నర నిమిషాల ల్యాప్ ఉండే ట్రాక్ మీద గంట కూర్చుంటే ప్రతి మలుపునీ నలభై సార్లు చూస్తాం, ఇక్కడ తొమ్మిది సార్లు. మెదడుకి ఒక మలుపు పట్టుబడాలంటే చేసిన తప్పు గుర్తుండగానే మళ్ళీ ఆ మలుపు రావాలి, ఆరున్నర నిమిషాల తర్వాత, మధ్యలో ఇంకో డెబ్భై మలుపులు దాటాక వస్తే ఏం తప్పు చేశామో ఎవరికి గుర్తుంటుంది. అందుకే ఈ ట్రాక్ బాగా వచ్చినవాళ్ళు దాన్ని ముక్కలు చేసుకుని నేర్చుకుంటారు, ఇవాళ బ్రైట్‌షైడ్ వంతెన దాకా, రేపు అక్కడి నుంచి కరుసెల్ దాకా, అలా. అయితే పబ్లిక్ లాబీలో, అంటే ఎవరైనా చేరగలిగే ఆన్‌లైన్ రేసులో, చేరేవాళ్ళలో అందరూ ఆ పని చేసి రారు, సగం ట్రాక్ తెలిసినవాళ్ళు, అసలేం తెలియనివాళ్ళు, కళ్ళు మూసుకుని నడపగలిగేవాళ్ళు ఒకే గ్రిడ్‌లో ఉంటారు. మామూలు ట్రాక్ మీద బాగా వచ్చినతనికీ రానతనికీ ల్యాప్‌లో రెండు సెకన్లు తేడా ఉంటే ఇక్కడ అది అర నిమిషమైనా అవ్వొచ్చు, పైగా రానతను ఎక్కడ బ్రేక్ వేస్తాడో వెనకున్నవాళ్ళకి ఊహకి అందదు.

ఇంతవరకూ చదివితే ఈ ట్రాక్ రేసుకి పనికిరాదనే అనిపిస్తుంది. కానీ పొడవు ఒక మంచి పని కూడా చేస్తుంది, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. ఐరేసింగ్‌లో ఎంత శుభ్రంగా నడుపుతామో చెప్పే సేఫ్టీ రేటింగ్ లెక్క ఎన్ని మలుపులకి ఎన్ని తప్పులు అనే సగటు మీద నడుస్తుంది. స్పాలో 19 మలుపులు, ఇక్కడ 73, అంటే ఇక్కడ శుభ్రంగా తిరిగిన ఒక్క ల్యాప్ స్పాలో దాదాపు నాలుగు ల్యాప్‌లతో సమానం. ఓపికగా నడిపేవాళ్ళకి ఈ ట్రాక్ ఇచ్చినంత రేటింగ్ ఇంకోటి ఇవ్వదు. ఇంతకన్నా పెద్ద సంగతి ల్యాప్ చివర్లో ఉంది. గాల్గెన్‌కోఫ్ మలుపు దాటాక డోటింగర్ హోహె అనే స్ట్రెయిట్ వస్తుంది, రెండు కిలోమీటర్లకి పైగా ఫుల్ థ్రాటిల్. ముందు కారు గాలిని చీల్చుకుంటూ పోతుంటే వెనక కారు గాలి అడ్డు తక్కువుండే ఆ స్లిప్‌స్ట్రీమ్‌లో నక్కి చివర్లో పక్కకి తీసి దాటేస్తుంది. అక్కడ ముందున్నవాడి కన్నా వెనకున్నవాడికే లాభం. దీని అర్థమేంటంటే మిగతా పద్దెనిమిది కిలోమీటర్లలో ప్రాణాలకి తెగించి దాటాల్సిన అవసరం ఏ ఒక్క చోటా లేదు, ఎదుటి కారుకి అంటిపెట్టుకుని గాల్గెన్‌కోఫ్ దాకా వస్తే చాలు. ఇది తెలిసిన ముగ్గురు డ్రైవర్లు వరసగా ప్ఫ్లాన్‌జ్‌గార్టెన్‌లో గాల్లోకి లేచి దిగుతూ, ఎవరూ ఎవరి మీదకీ దూకకుండా, ఎదుటివాడి చిన్న తప్పు కోసం ఎదురుచూస్తూ వస్తుంటే ఆ టెన్షన్ పది ఓవర్‌టేక్‌లకి సమానం. ట్రాక్ ఇంత మంచి దారి చూపిస్తున్నా పబ్లిక్ లాబీల్లో చాలామంది వేర్‌సైఫెన్ మలుపులో లోపలికి డైవ్ కొట్టి ఇద్దరి రేసూ ముగించేస్తారు, అదే బాధ.

పక్కన వేరే ట్రాక్‌లు పెట్టి చూస్తే పొడవు ఒకటి, ఇరుకు ఒకటి అనే మాట ఇంకా తేటగా కనిపిస్తుంది. చైనాలోని మకావ్ ఊరి వీధుల మీద సాగే గుయా సర్క్యూట్ పొడవు 6.12 కిలోమీటర్లే, కానీ మెల్కో హెయిర్‌పిన్ దగ్గర వెడల్పు 7 మీటర్లు, నిజం రేసుల్లో కూడా అక్కడ పసుపు జెండాలు ఊపుతూ ఓవర్‌టేక్ చెయ్యనివ్వరు. 2017లో అక్కడ జీటీ వరల్డ్ కప్ క్వాలిఫికేషన్ రేసులో ముందున్న ఒక కారు గోడకి తగిలి ఆగితే గ్రిడ్‌లో సగానికి పైగా కార్లు వచ్చి దాని మీద పేరుకుపోయాయి, వాళ్ళలో చాలామంది ఫ్యాక్టరీ డ్రైవర్లు, అంటే కార్ల కంపెనీలు పెట్టుకున్న ప్రొఫెషనల్స్. వాళ్ళకే తప్పనిది లాబీలో చేరిన మామూలు జనానికి తప్పుతుందనుకోవడం అత్యాశ. ఆస్ట్రేలియాలో బాథర్స్ట్ ఉంది, 6.213 కిలోమీటర్లు, కొండ పైభాగం గోడల మధ్య సన్నగా ఉంటుంది, కానీ కొండెక్కే ముందు ఒక స్ట్రెయిట్, దిగాక కాన్‌రాడ్ స్ట్రెయిట్, రెండూ దాటడానికి వీలైనవే, ల్యాప్ రెండు నిమిషాలు. అక్కడ ఆన్‌లైన్ రేసులు బాగా నడుస్తాయి, కారణం స్పష్టంగానే ఉంది, ఇరుకు ట్రాక్‌లో ఒక భాగమే తప్ప మొత్తం కాదు, ఆ భాగంలో వరసగా పోదాం, దిగాక చూసుకుందాం అనే అవగాహన ఆడేవాళ్ళలో ఉంది. ఈ మూడింటినీ పక్కపక్కన పెడితే ఆన్‌లైన్‌కి అన్నిటికన్నా కష్టమైనది మకావే. నార్డ్‌ష్లైఫె కన్నా అది మూడో వంతు పొడవు కూడా లేదన్నది గుర్తుపెట్టుకోవాలి.

నిజ ప్రపంచంలో ఇరుకు రోడ్ల మీద పోటీలు పెట్టినవాళ్ళు దీనికి పరిష్కారం ఎప్పుడో కనిపెట్టారు. ఐల్ ఆఫ్ మ్యాన్ టీటీలో ట్రాక్ 60 కిలోమీటర్లకి పైనే, అక్కడ బైకుల్ని ఒకేసారి వదలరు, పది సెకన్లకి ఒకటి చొప్పున వదులుతారు, పోటీ గడియారంతో. సిసిలీలో టార్గా ఫ్లోరియో కూడా 72 కిలోమీటర్ల కొండ రోడ్ల మీద కార్లని విడివిడిగానే వదిలేది. నూర్బర్గ్‌రింగ్ 24 గంటల రేస్ అయితే గ్రాండ్ ప్రి ట్రాక్ కలుపుకుని ల్యాప్ 25 కిలోమీటర్లు, అక్కడ కార్లని గుంపులుగా చేసి నిమిషాల తేడాతో స్టార్ట్ ఇస్తారు. ప్రమాదం జరిగితే మొత్తం రేసుని సేఫ్టీ కారు వెనక పెట్టకుండా ఆ చోట మాత్రమే గంటకి 60 కిలోమీటర్ల హద్దు పెట్టి కోడ్ 60 అంటారు, మిగతా ట్రాక్ మీద రేస్ నడుస్తూనే ఉంటుంది. లీగ్‌లు నడిపేవాళ్ళు ఇవన్నీ దింపుకోవచ్చు: గ్రిడ్‌ని పది పన్నెండు మందికి కుదించడం, రోలింగ్ స్టార్ట్ (ఆగి కాకుండా నడుస్తూనే రేస్ మొదలుపెట్టడం), రెండు గుంపుల మధ్య గ్యాప్, మొదటి ల్యాప్‌లో అడెనావర్ ఫోర్స్ట్ దాటేదాకా స్థానాలు మారకూడదనే ఒప్పందం. రేస్ నిడివి కనీసం 45 నిమిషాలు పెడితే ఏడు ల్యాప్‌లు వస్తాయి, అప్పుడు మొదటి ల్యాప్ మీద అంత ఆత్రం ఉండదు. కొన్ని గేమ్‌లలో స్పిన్ అయిన కారుని కాసేపు దెయ్యంలా పారదర్శకం చేసే సదుపాయం ఉంది, రేస్ గాఢత కొంత తగ్గినా ఈ ఒక్క ట్రాక్‌కి దాన్ని ఆన్ చేసుకోవడమే మేలు.

అసలు రేస్ అనే మాటే పక్కన పెట్టేసిన పద్ధతి కూడా ఒకటుంది, అసెట్టో కోర్సాలో టూరింగ్ సర్వర్లు. స్టార్ట్ లేదు, గ్రిడ్ లేదు, ఎప్పుడైనా చేరొచ్చు ఎప్పుడైనా పోవచ్చు, అసలు ట్రాక్ మీద డబ్బు కట్టి సొంత కారుతో తిరిగే పబ్లిక్ సెషన్‌లలాగా. మెల్లగా పోయేవాళ్ళు కుడి ఇండికేటర్ వేసి పక్కకి జరుగుతారు, వెనకవాళ్ళు ఎడమ నుంచి దాటుతారు. ఇరవై మంది ట్రాక్ అంతా చెల్లాచెదురుగా ఉంటారు కాబట్టి కిలోమీటరుకి ఒక కారు అనే ఆ కాగితం లెక్క అక్కడ నిజంగా నిజమవుతుంది. అప్పుడప్పుడూ ఎదురయ్యే ఒక కారు వెనక పది నిమిషాలు పరిచయం లేని మనిషితో కలిసి నడపడం, అది వేరే ఆనందం.

ఇక ఐరేసింగ్‌లో ఏటా జరిగే నూర్బర్గ్‌రింగ్ 24 గంటల టీమ్ రేస్ చూడండి. అదే ట్రాక్, అదే ఎనిమిది మీటర్లు, అదే నెట్, పైగా జీటీ3 కార్లతో పాటు నెమ్మది కార్లు కూడా కలిసి పరిగెడతాయి. అక్కడ హాట్జెన్‌బాఖ్‌లోకి వెళ్ళేటప్పుడు పక్కవాడు కాస్త ముందుంటే చాలామంది డ్రైవర్లు గ్యాస్ వదిలేసి దారిస్తారు, ఎందుకంటే కారు ఒక్కడిది కాదు, మిగతా టీమ్‌మేట్స్ తమ వంతు కోసం అలారం పెట్టుకుని పడుకుని ఉంటారు, మొదటి ల్యాప్‌లో పోగొట్టుకుంటే రాత్రి రెండింటికి లేచే ఆ మనిషికి ఏం చెప్పాలి. శనివారం సాయంత్రం 20 నిమిషాల పబ్లిక్ రేసులో వేర్‌సైఫెన్ లోపలికి దూకిన అదే డ్రైవర్ ఇక్కడ నాలుగు మలుపులు ఆగి, కెసెల్‌ఖెన్ ఎక్కుడు మీద ఎదుటి కారు నెమ్మదించినప్పుడు పక్క నుంచి తీసుకుని వెళ్ళిపోతాడు.